అధిక సంపీడన ఏటీవీ ఇంజన్‌కు పందెపు ఇంధనం: ఆక్టేన్ సంఖ్య అర్థం, ఎంపిక ప్రమాణాలు

వ్యాససంగ్రహం

పందేల కోసం మార్పులు చేసిన ఏటీవీ ఇంజన్‌లో సంపీడన నిష్పత్తి పెరిగినప్పుడు ఏ ఇంధనం వాడాలన్న ప్రశ్నకు ‘ఆక్టేన్ ఎంత ఎక్కువైతే అంత బలం’ అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. ఆక్టేన్ సంఖ్య ఇంధనపు ఓర్పును కొలుస్తుందే గాని బలాన్ని కొలవదని ఈ వ్యాసం వివరిస్తుంది. 686 ఘన సెంటీమీటర్ల ఒంటి సిలిండర్ ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకొని సంపీడన నిష్పత్తి లెక్క, నాకింగ్ జరిగే తీరు, ఆక్టేన్‌ను కొలిచే పద్ధతులు, వివిధ ఇంధనాల గుణదోషాలను పరిశీలిస్తుంది. సీసం కలిసిన ఇంధనం వల్ల కలిగే ఆరోగ్య హానిని కూడా ఎంపిక ప్రమాణాల్లో ఒకటిగా లెక్కించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆక్టేన్ సంఖ్య, సంపీడన నిష్పత్తి, నాకింగ్, ఏటీవీ, సీసం, మిథనాల్, అంతర్దహన యంత్రం.

1. ఉపోద్ఘాతం

ఆల్ టెర్రైన్ వెహికిల్, క్లుప్తంగా ఏటీవీ, అమెరికా గ్రామీణ జీవితంలోనూ క్రీడల్లోనూ స్థిరపడిన వాహనం. హోండా సంస్థ 1970లో అక్కడ విడుదల చేసిన మూడు చక్రాల బండితో దీనికి ప్రచారం వచ్చింది. తరచుగా బోల్తా పడుతున్నాయన్న కారణంగా 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయి, నాలుగు చక్రాలవి నిలిచాయి. వీటిలో ఒక శాఖ పొలం పనులకు, వేటకు ఉపయోగపడగా, మరో శాఖ మట్టి బాటల మీద, ఇసుక తిన్నెల మీద జరిగే పందేలకు ప్రత్యేకించినది.

ఈ రెండో శాఖకు చెందిన యమహా రాప్టర్ 700 ఈ వ్యాసానికి ఉదాహరణ. దాని ఇంజన్‌లో సిలిండర్ ఒక్కటే. సిలిండర్ వ్యాసం 102 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 84 మిల్లీమీటర్లు, కర్మాగారం నిర్ణయించిన సంపీడన నిష్పత్తి 9.2:1. పందేలవారు ఈ ఇంజన్‌లో అసలు పిస్టన్ తీసి, తల ఉబ్బెత్తుగా ఉన్న పిస్టన్ అమర్చి నిష్పత్తిని 12:1కి, కొన్నిసార్లు 13.5:1కి పెంచుతారు. ఆ రోజు నుంచి ఇంధనం విషయంలో బండి యజమానికి పాత నిశ్చింత ఉండదు. తక్కువ ఓర్పు ఉన్న పెట్రోలు పోస్తే పిస్టన్ కరిగిపోవచ్చు. అవసరానికి మించిన ఖరీదైన ఇంధనం పోస్తే డబ్బు వృథా కావడమే కాక, కొన్ని సందర్భాల్లో ఉన్న శక్తి కూడా తగ్గవచ్చు. ఇంధనంలో సీసం ఉంటే ఆ నష్టం ఇంజన్ దగ్గర ఆగక, షెడ్డులో పనిచేసే మనిషికీ అతని పిల్లలకూ చేరుతుంది. అందుచేత ఈ ఎంపిక యంత్రశాస్త్రంతో పాటు రసాయనశాస్త్రానికీ ప్రజారోగ్యానికీ సంబంధించినది.

2. సంపీడన నిష్పత్తి: లెక్క, ఫలితం

పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైన ఉండే మొత్తం ఖాళీని, అది శిఖరానికి చేరినప్పుడు మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేది సంపీడన నిష్పత్తి. పై ఇంజన్‌లో పిస్టన్ కదలికతో ఏర్పడే ఘనపరిమాణం 686.4 ఘన సెంటీమీటర్లు. నిష్పత్తి 9.2 కావాలంటే పైన మిగిలే ఖాళీ 83.7 ఘన సెంటీమీటర్లు ఉండాలి. నిష్పత్తి 12 అయితే అది 62.4కు, 13.5 అయితే 54.9కు తగ్గుతుంది.

ఈ మార్పు వల్ల కలిగే లాభాన్ని ఆటో చక్రపు ఆదర్శ దక్షతా సూత్రంతో అంచనా వేయవచ్చు. సిలిండర్‌లో ఉన్నది శుద్ధమైన గాలే అనుకొని లెక్కిస్తే 9.2 నిష్పత్తి వద్ద దక్షత 58.8 శాతం, 12 వద్ద 63 శాతం, 13.5 వద్ద 64.7 శాతం వస్తుంది. నిజమైన ఇంజన్లలో ఇంత దక్షత రాదు. అయినా ఈ అంకెల మధ్య తేడా ఒక సత్యాన్ని చెబుతుంది. 9.2 నుంచి 12కు చేరితే 4.2 శాతాంశాల లాభం వస్తే, అక్కడి నుంచి 13.5కు పోయినందుకు దక్కేది 1.7 మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ లాభం సన్నగిల్లుతుంది.

ప్రమాదం మాత్రం అలా సన్నగిల్లదు. 47 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలికి వచ్చిన గాలిని ఉష్ణం బయటికి పోనీయకుండా నొక్కితే, 9.2 నిష్పత్తి వద్ద దాని ఉష్ణోగ్రత సుమారు 504 డిగ్రీలకు, 12 వద్ద 592కు, 13.5 వద్ద 633కు చేరుతుంది. ఇవి కూడా ఆదర్శ గణనలో వచ్చిన అంకెలే. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టించక ముందే మిశ్రమం ఎంత వేడెక్కి ఉంటుందో వీటి వల్ల బోధపడుతుంది. ఇంధనం తనంతట తాను మండిపోకుండా తాళవలసినది ఈ వేడినే.

3. నాకింగ్: అసలు ఏం జరుగుతుంది?

సక్రమంగా నడిచే పెట్రోలు ఇంజన్‌లో దహనం పేలుడులా జరగదు. స్పార్క్ ప్లగ్ వద్ద పుట్టిన మంట ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా వ్యాపిస్తుంది. ముందుకు సాగే మంట తన వెనుక వ్యాకోచించే వాయువుతో ఇంకా మండని మిశ్రమాన్ని గోడల వైపు మరింత నొక్కుతుంది. అప్పటికే వేడెక్కి ఉన్న ఆ చివరి భాగంలో ఇంధన అణువులు చిన్నచిన్న చర్యల ద్వారా విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. మంట చేరేలోపు ఆ చర్యలు పరాకాష్ఠకు చేరితే మిగిలిన మిశ్రమమంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. అప్పుడు పుట్టే పీడన తరంగాలు సిలిండర్ గోడలను తాకి తిరిగి వస్తూ లోహాన్ని మోగిస్తాయి. బయటికి వినిపించే ఆ టకటక శబ్దాన్నే నాకింగ్ అంటారు. 102 మిల్లీమీటర్ల సిలిండర్‌లో ఈ కంపనం సెకనుకు 5 వేల నుంచి 6 వేల సార్ల ప్రాంతంలో ఉంటుంది.

నష్టం శబ్దంతో ఆగదు. మామూలుగా పిస్టన్ తలకూ మండే వాయువుకూ మధ్య కాస్త చల్లగా ఉండే పలుచని వాయుపొర కవచంలా నిలుస్తుంది. పీడన తరంగాలు ఆ పొరను చెరిపివేస్తాయి. మండే వాయువుల ఉష్ణోగ్రత 2 వేల డిగ్రీలు దాటి ఉంటుంది. పిస్టన్ తయారయ్యే అల్యూమినియం మిశ్రమలోహం 660 డిగ్రీల లోపే కరుగుతుంది. అందుకే నాకింగ్ కొనసాగిన ఇంజన్‌లో పిస్టన్ అంచులు పురుగు కొరికినట్టు గుంటలు పడతాయి, రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

నాకింగ్‌కు తోబుట్టువు వంటి మరో దోషం ముందస్తు జ్వలనం. ఎర్రగా కాలిన ప్లగ్ కొసో, మసి ముద్దో నిప్పురవ్వ కంటే ముందే మిశ్రమాన్ని అంటించడం దీని లక్షణం. ఈ రెండూ వేర్వేరు దోషాలు. అయితే నాకింగ్ వల్ల పెరిగే వేడి ముందస్తు జ్వలనానికి దారి తీస్తుంది, అది తిరిగి నాకింగ్‌ను పెంచుతుంది. ఈ విషవలయంలో ఇంజన్ పాడవడానికి ఎంతో సమయం పట్టదు. నేటి కార్లలో నాకింగ్‌ను పసిగట్టి నిప్పురవ్వను ఆలస్యం చేసే సెన్సర్లు ఉంటాయి. క్రీడా ఏటీవీల్లో ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. సైలెన్సర్ హోరులో, హెల్మెట్ లోపల ఉన్న చోదకునికి ఆ టకటక వినిపించదు కూడా. అందువల్ల రక్షణ భారమంతా ముందుగా చేసిన ఇంధన ఎంపిక మీదే పడుతుంది.

4. ఆక్టేన్ సంఖ్య: ఓర్పును కొలిచే తీరు

ఆక్టేన్ సంఖ్య నిర్వచనం కళాశాల రసాయనశాస్త్ర పాఠాల్లో పరిచితమైనదే. తేలికగా నాకింగ్‌కు లోనయ్యే సాధారణ హెప్టేన్‌కు సున్నా, బాగా తట్టుకొనే ఐసో ఆక్టేన్‌కు 100 విలువనిచ్చి కొలబద్ద తయారు చేశారు. ఒక పెట్రోలు 95 ఐసో ఆక్టేన్, 5 హెప్టేన్ కలిపిన మిశ్రమంతో సమానంగా నాకింగ్‌ను తట్టుకొంటే దాని విలువ 95. ఈ పరీక్షకు నడుస్తుండగానే సంపీడన నిష్పత్తిని మార్చగలిగే ప్రత్యేకమైన ఒంటి సిలిండర్ ఇంజన్‌ను ఉపయోగిస్తారు.

నిర్వచనంలో బలం ప్రసక్తి లేదన్నది ఇక్కడ గమనించదగినది. ఎక్కువ ఆక్టేన్ ఇంధనంలో ఎక్కువ ఉష్ణశక్తి ఉండాలన్న నియమం లేదు. మిథనాల్ పరిశోధన ఆక్టేన్ విలువ పెట్రోలు కంటే ఎక్కువైనా, కిలోగ్రాముకు అది ఇచ్చే ఉష్ణం పెట్రోలు ఇచ్చేదానిలో సగం కూడా ఉండదు. ఎక్కువ ఆక్టేన్ ఇంధనం తప్పనిసరిగా నెమ్మదిగా మండుతుందన్న నమ్మకం కూడా సరికాదు. స్వయంజ్వలనాన్ని తట్టుకోవడం వేరు, మంట వ్యాపించే వేగం వేరు.

కొలిచే పద్ధతులు రెండు. పరిశోధన ఆక్టేన్ సంఖ్యను నిమిషానికి 600 భ్రమణాల వద్ద సాధారణమైన వేడితో కొలుస్తారు. మోటారు ఆక్టేన్ సంఖ్యను 900 భ్రమణాల వద్ద, మిశ్రమాన్ని 149 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి కొలుస్తారు. రెండోది కఠినమైన పరీక్ష కాబట్టి సాధారణంగా దాని విలువ తక్కువగా వస్తుంది. రెండింటి తేడాను ఇంధన సున్నితత్వం అంటారు. పూర్తి వేగంతో, వేడితో చాలాసేపు నడిచే పందెపు ఇంజన్ విషయంలో మోటారు ఆక్టేన్ సంఖ్యను విడిగా చూడటం అవసరం.

అమెరికా బంకుల మీద కనిపించేది ఈ రెండింటి సగటు. భారతదేశంలో ప్రకటించేది పరిశోధన సంఖ్య. ఈ తేడా తెలియకపోతే అమెరికా పుస్తకంలోని సూచనను భారతదేశంలో అనుసరించే తెలుగువారు పొరబడతారు. బీఎస్-6 ప్రమాణం ప్రకారం సాధారణ పెట్రోలుకు పరిశోధన సంఖ్య కనీసం 91, మోటారు సంఖ్య కనీసం 81. వీటి సగటు 86. అమెరికా బంకులో 91 అని రాసి ఉన్న ప్రీమియం పెట్రోలుకు పరిశోధన సంఖ్య సుమారు 95, 96 ఉంటుంది. అంకె ఒకటే, కొలబద్దలు వేరు. 12:1 ఇంజన్ యజమాని ఈ రెండు 91లను ఒకటిగా భావిస్తే మూల్యం ఇంజన్ చెల్లిస్తుంది.

5. ఒక్క నిష్పత్తితో తేలని విషయం

సంపీడన నిష్పత్తి ఇంత ఉంటే ఆక్టేన్ ఇంత ఉండాలని సూచించే పట్టికలు ప్రచారంలో ఉన్నాయి. స్థూలమైన అంచనాకు అవి పనికివస్తాయి, తీర్పుకు చాలవు. 2006 నమూనా హోండా టీఆర్ఎక్స్ 450ఆర్ ఏటీవీ నిష్పత్తి 12:1. అయినా అది బంకు పెట్రోలుతో నడిచేలా రూపొందినదే. అదే 12:1కు మార్చిన రాప్టర్ ఇంజన్ బంకు పెట్రోలుతో నాకింగ్‌కు లోనుకావచ్చు. ఈ తేడాకు కారణాలను కింది విధంగా వర్గీకరించవచ్చు.

అ) సిలిండర్ వ్యాసం: హోండాది 96 మిల్లీమీటర్లు, రాప్టర్‌ది 102. సిలిండర్ వెడల్పయ్యేకొద్దీ మంట చివరి అంచుకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. స్వయంజ్వలనానికి అంత వ్యవధి దొరుకుతుంది.

ఆ) దహన గది ఆకారం: కర్మాగారం పిస్టన్‌ను, దహన గదిని, నిప్పురవ్వ సమయాన్ని ఒకదానికొకటి కుదిరేలా తీర్చిదిద్దుతుంది. తర్వాత అమర్చిన ఎత్తైన పిస్టన్ తల మంట దారికి అడ్డుగా నిలిచే అవకాశం ఉంది.

ఇ) క్యామ్ షాఫ్ట్: పిస్టన్ పైకి లేవడం మొదలైన తర్వాత కూడా ఇన్లెట్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. అది మూసుకొన్నాకే నిజమైన సంపీడనం మొదలవుతుంది. ఆలస్యంగా మూసే పందెపు క్యామ్ తక్కువ వేగంలో సంపీడనాన్ని కొంత తగ్గిస్తుంది. పాత క్యామ్‌నే ఉంచి పిస్టన్ ఒక్కటీ మార్చిన ఇంజన్‌కు ఆక్టేన్ అవసరం ఎక్కువ.

ఈ) నిప్పురవ్వ సమయం: రవ్వ ఎంత ముందుగా పుడితే గరిష్ఠ పీడనం అంత పెరుగుతుంది, నాకింగ్ అవకాశం కూడా పెరుగుతుంది.

ఉ) ఎత్తు, వాతావరణం: సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ వంటి చోట్ల గాలి పీడనం దాదాపు 18 శాతం తక్కువ. సిలిండర్‌లో చేరే గాలి తగ్గుతుంది కాబట్టి నాకింగ్ కూడా తగ్గుతుంది. ఆ పర్వత ప్రాంతపు బంకుల్లో 85 ఆక్టేన్ పెట్రోలు అమ్మడం వెనుక ఉన్న కారణం ఇదే. కొండ మీద హాయిగా నడిచిన ఇంజన్‌ను వేసవిలో సముద్రతీరపు ఇసుక తిన్నెల మీదికి తెస్తే అదే పెట్రోలు చాలకపోవచ్చు.

6. ఇంధనాల పరిశీలన

6.1 బంకు ప్రీమియం పెట్రోలు: అమెరికాలో ప్రాంతాన్ని బట్టి 91 లేదా 93గా దొరుకుతుంది. చవక, సులభంగా లభ్యం. సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు అడుగున వేరుపడే ప్రమాదం ఉంది. ఒక మోస్తరు మార్పులు చేసిన ఇంజన్‌కు ఇది చాలు.

6.2 సీసరహిత పందెపు పెట్రోలు: అమెరికా సగటు కొలమానంలో 100, ఆ పైన ఆక్టేన్‌తో దొరుకుతుంది. ప్రతి డబ్బాలోనూ ఒకే నాణ్యత ఉండటం దీని ముఖ్యగుణం. బంకు పెట్రోలు కూర్పు రుతువును బట్టి మారుతుంది, దీని కూర్పు మారదు. కొన్ని రకాల్లో ఆక్సిజన్ ఉన్న పదార్థాలు కలుపుతారు. ఆ ఆక్సిజన్ వల్ల అదనపు ఇంధనాన్ని మండించవచ్చు, శక్తి పెరుగుతుంది. అందుకు తగినట్టు కార్బురేటర్ జెట్‌ను పెంచకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. ఖరీదైన ఇంధనం పోసిన తర్వాత ఇంజన్ కాలిపోయిన సందర్భాల్లో ఆక్టేన్ చాలకపోవడం కంటే ఈ సర్దుబాటు జరగకపోవడమే కారణం కావచ్చు.

6.3 సీసం కలిసిన పందెపు పెట్రోలు: 110, ఆ పైన ఆక్టేన్ దీని ఆకర్షణ. ఇది ఆక్సిజన్ సెన్సర్‌ను, కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఆరోగ్యానికి చేసే హాని తర్వాతి విభాగంలో చర్చించబడింది.

6.4 విమాన పెట్రోలు: 100 ఎల్ఎల్ పేరుతో నీలి రంగులో దొరికే ఈ ఇంధనాన్ని కొందరు చవకైన పందెపు పెట్రోలుగా భావిస్తారు. ‘ఎల్ఎల్’ అంటే తక్కువ సీసం అని అర్థం. అయినా లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. నిమిషానికి 2,700 భ్రమణాల ప్రాంతంలో నిలకడగా తిరిగే విమాన ఇంజన్ల కోసం, పైయెత్తుల్లో ఆవిరి కాకుండా దీని కూర్పును నిర్ణయించారు. క్షణక్షణం వేగం మారే ఏటీవీకి ఆ కూర్పు ఉద్దేశించినది కాదు. సాంద్రత కూడా బంకు పెట్రోలు కంటే తక్కువ కాబట్టి జెట్ మార్చకపోతే మిశ్రమం పలచబడుతుంది.

6.5 ఆల్కహాలు ఇంధనాలు: ఇంజన్ శక్తికి అసలు హద్దు ఇంధనం కాదు, గాలి. ఒక కిలోగ్రాము గాలితో సరిగ్గా మండడానికి పెట్రోలు 14.7లో ఒక వంతు, ఇథనాల్ 9లో ఒక వంతు, మిథనాల్ 6.4లో ఒక వంతు కావాలి. వాటి ఉష్ణశక్తిని ఈ లెక్కతో గుణిస్తే, కిలో గాలికి మూడూ ఇచ్చే శక్తి దాదాపు 3 మెగాజౌళ్ల దగ్గరే ఉంటుంది. ఆల్కహాలు ఆధిక్యం మరోచోట ఉంది. ఆవిరయ్యేటప్పుడు అది పరిసరాల నుంచి వేడిని లాక్కుంటుంది. కిలో గాలికి లెక్కిస్తే పెట్రోలు కంటే ఇథనాల్ సుమారు 4 రెట్లు, మిథనాల్ సుమారు 7 రెట్లు ఎక్కువ వేడిని గ్రహిస్తాయి. చల్లబడిన గాలి చిక్కబడి సిలిండర్‌లో ఎక్కువగా చేరుతుంది, నాకింగ్ దూరమవుతుంది. 13.5 దాటిన ఇంజన్లకు ఈ గుణం వరం.

దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. మిథనాల్‌కు పెట్రోలు కంటే రెండింతలకు పైగా ఇంధనం పారాలి కాబట్టి పంపు, ఇంజెక్టరు, జెట్లు అన్నీ మార్చాలి. అల్యూమినియం భాగాలను అది తినివేస్తుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. ఆవిరి పీల్చినా చర్మానికి సోకినా విషమే, కడుపులోకి పోతే చూపు పోవచ్చు. ఈ-85 పేరుతో అమెరికా బంకుల్లో దొరికే ఇథనాల్ ఇంధనం ఇంతకంటే సౌమ్యమైనది. దానిలో ఇథనాల్ వాస్తవంగా 51 నుంచి 83 శాతం వరకు రుతువును బట్టి మారుతుంది. అందువల్ల ప్రతిసారీ శాతాన్ని పరీక్షించి వాడాలి. భారతదేశపు 20 శాతం ఇథనాల్ పెట్రోలుకూ ఇదే రసాయనశాస్త్రం వర్తిస్తుంది, మోతాదు మాత్రం వేరు.

7. సీసం: అంకె వెనుక చరిత్ర

థామస్ మిడ్‌గ్లీ బృందం టెట్రాఇథైల్ లెడ్ అనే పదార్థానికి నాకింగ్‌ను అణచే గుణం ఉందని 1921 డిసెంబరులో కనుగొంది. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో సీసం కలిసిన పెట్రోలు అమ్మకం మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో ఈ పదార్థపు విషప్రభావానికి లోనై మతి చలించి ఐదుగురు కార్మికులు మరణించారు. ఆ హెచ్చరిక తర్వాత కూడా దాని వాడకం దశాబ్దాలపాటు సాగింది. భూమి వయసును నిర్ణయించే ప్రయత్నంలో సీసాన్ని అతి సూక్ష్మంగా కొలిచిన క్లెయిర్ ప్యాటర్సన్, మానవ వాతావరణమంతా సీసంతో కలుషితమైందని 1960లలో వెల్లడించాడు.

అమెరికా 1996 జనవరి 1 నుంచి రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలును నిషేధించింది. భారతదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసరహిత పెట్రోలు వచ్చింది. అల్జీరియా 2021లో అమ్మకం ఆపడంతో ప్రపంచంలో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు లేకుండా పోయింది. అయితే అమెరికా నిషేధం నుంచి విమానాలకు, పందెపు వాహనాలకు మినహాయింపు ఉంది. మార్పులు చేసిన ఏటీవీ ట్యాంకులో ఈనాటికీ సీసం చేరుతున్నది ఆ మినహాయింపు వల్లే.

టెట్రాఇథైల్ లెడ్ చర్మం గుండా కూడా శరీరంలోకి ప్రవేశిస్తుంది. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాలు నిలుస్తుంది. పిల్లల రక్తంలో సీసం ఫలానా స్థాయి వరకు ఉంటే హాని లేదని చెప్పగల హద్దు ఏదీ తేలలేదు. ఏటీవీ పందేలు చాలామటుకు కుటుంబ క్రీడలు. తండ్రి షెడ్డులో ఇంధనం పోస్తుంటే పిల్లలు పక్కనే ఉంటారు, ప్రారంభరేఖ దగ్గర ఇంజన్ల పొగలో నిలబడతారు. 110 అన్న అంకె కేవలం ఇంజన్‌కు సంబంధించిన విషయంగా కనిపించినా దాని లెక్కలో ఈ పిల్లలు కూడా ఉన్నారు. అత్యధిక వేగపు పందేలు నిర్వహించే నాస్కార్ సైతం 2007లో సీసరహిత ఇంధనానికి మారింది. సీసం లేకపోతే పందెం సాగదన్న వాదనకు ఇది తగిన సమాధానం.

8. ఎంపిక క్రమం

పై చర్చ ఆధారంగా 12:1కు మార్చిన రాప్టర్ ఇంజన్‌కు ఇంధనాన్ని ఎంచుకొనే క్రమాన్ని ఇలా సూచించవచ్చు.

మొదటిది, నిష్పత్తిని స్వయంగా కొలవాలి. పిస్టన్ పెట్టె మీద 12:1 అని ఉన్నంత మాత్రాన ఇంజన్‌లో అదే ఉంటుందన్న హామీ లేదు. ఇంజన్ తలను చదును చేసే క్రమంలో పావు మిల్లీమీటరు లోహం పోయిందనుకుంటే, 102 మిల్లీమీటర్ల వ్యాసం మీద సుమారు 2 ఘన సెంటీమీటర్ల ఖాళీ తగ్గుతుంది. అప్పుడు 12 కాస్తా 12.4 అవుతుంది. బ్యూరెట్‌తో ద్రవం నింపి దహన గదిని కొలిస్తే ఈ సందేహం తీరుతుంది.

రెండోది, క్యామ్, నిప్పురవ్వ సమయం, శీతలీకరణ, పందెం జరిగే చోటి ఎత్తు, ఎండ తీవ్రతలను లెక్కలోకి తీసుకోవాలి. ప్రీమియం పెట్రోలు అంచున ఉందనిపిస్తే నిప్పురవ్వను ఒకటి రెండు డిగ్రీలు ఆలస్యం చేయడం తొలి ఉపాయం.

మూడోది, అది చాలకపోతే సీసరహిత పందెపు పెట్రోలును ఎంచుకోవాలి. 93, 100 ఆక్టేన్ ఇంధనాలను సమపాళ్లలో కలిపితే సుమారు 96.5 వస్తుందని స్థూలంగా అంచనా వేయవచ్చు. కూర్పులు వేర్వేరు కాబట్టి ఈ సగటు కచ్చితం కాదు, కొంత మార్జిన్ ఉంచుకోవాలి. మిశ్రమాన్ని ప్రతిసారీ ఒకే పాళ్లలో కలపాలి.

నాలుగోది, ఎంచుకున్న ఇంధనానికి జెట్ లేదా ఇంజెక్షన్ మ్యాప్ సరిచేసి, ఆ తర్వాత ఇంధనాన్ని మార్చకూడదు. మారిస్తే సర్దుబాటు మళ్లీ మొదటికి వస్తుంది.

ఐదోది, పరీక్ష. పూర్తి వేగంతో నడిపి, ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. తెల్లని పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే అది నాకింగ్ ఇచ్చిన వాంగ్మూలం. అక్కడితో ఆగి మొదటి మెట్టు నుంచి మళ్లీ పరిశీలించాలి.

ఇంధనం నిల్వ కూడా ఈ క్రమంలో భాగమే. తేలికగా ఆవిరయ్యే భాగాలు పోతే పందెపు పెట్రోలు స్వభావం మారుతుంది. ఎండ తగలని, బిగుతుగా మూసిన, ఇంధనానికే ఉద్దేశించిన డబ్బాలో దాన్ని ఉంచాలి.

9. ముగింపు

• ఆక్టేన్ సంఖ్య స్వయంజ్వలనాన్ని తాళే ఓర్పుకు కొలమానం. అవసరమైనంత ఓర్పు లభించిన తర్వాత అదనపు ఆక్టేన్ తనంతట తాను శక్తినివ్వదు.

• ఆక్టేన్ అవసరాన్ని సంపీడన నిష్పత్తితో పాటు సిలిండర్ వ్యాసం, దహన గది ఆకారం, క్యామ్, నిప్పురవ్వ సమయం, స్థలం, వాతావరణం కలిసి నిర్ణయిస్తాయి.

• భారతదేశపు అంకె, అమెరికా అంకె వేర్వేరు కొలబద్దల మీదివి. పోల్చే ముందు ఒకే కొలబద్దకు మార్చాలి.

• పందెపు ఇంధనం ఎంచుకోవడమంటే డబ్బా కొనడంతో ముగిసే పని కాదు. మిశ్రమ సర్దుబాటు, పరీక్ష, నిల్వ దానిలో అంతర్భాగాలు.

• సీసరహిత పెట్రోలు, ఇథనాల్ వంటి ప్రత్యామ్నాయాలు అందుబాటులో ఉన్న నేడు సీసపు ఇంధనం చివరి ఎంపికగా కూడా సమర్థనీయం కాదు. ఇంజన్‌కు పిస్టన్ పోతే మరొకటి దొరుకుతుంది. పిల్లవాడి ఎముకల్లో చేరిన సీసానికి అటువంటి మరమ్మతు లేదు.